తామర పురుగులు మెచ్చిన కారు

ఎవరూ నవ్వకూడదు, ముందే చెప్తున్నా. మొన్న మా మేనకోడలి పెళ్లికి పెళ్లికొడుకుని తీసుకురావడానికి సత్తెనపల్లి నుంచి కారేసుకుని వెళ్లానా? వెళ్తూ వెళ్తూ దారిలో ఉన్న పురుగులన్నిటినీ ఊరేగింపుగా వెంటబెట్టుకుని పోయాను! పెళ్లివారి గుమ్మం ముందు నేను దిగితే ఒక్కరూ నా మొహం చూడలేదు. అందరూ కారునే చూస్తున్నారు. దానికి అప్పటికి కారు పోలికలు పెద్దగా మిగల్లేదనుకోండి.

మొదట్నుంచీ చెప్తా. ఆ టీ ఇటివ్వండి.

పోయిన వానాకాలంలో గుంటూరులో సెకండ్ హ్యాండ్‌లో ఒక కారు కొన్నా కదా, తెల్లది. స్పోర్ట్స్ సెడాన్. నేలని తాకుతున్నట్టు కిందకి ఉంటుంది, వెనకవైపు కాస్త పైకి లేచి ఉంటుంది. నిలబెట్టి ఉన్నా సరే, ఇప్పుడో ఇంకాసేపట్లోనో పరుగు తీస్తుందనిపిస్తుంది. దాన్ని కొన్న రోజు నుంచే నాకో కల పట్టుకుంది. నిద్రలో వచ్చేది కాదండీ, మెలకువలో వచ్చేది.

సాయంత్రం. రోడ్డుకి అటూ ఇటూ పత్తి చేలు, కాయలు విచ్చుకుని తెల్లగా. పైన పల్చగా మంచు దిగుతోంది. ఆ మంచులోంచి ఒక నీలం కారు వస్తుంది. దాని అడుగు నుంచి నీలం వెలుగు కాలవ నీళ్లలా రోడ్డు మీద పారుతుంటుంది. చప్పుడుండదు. చక్రాలు నేలకి తగులుతున్నాయో లేదో తెలీదు. నడిపేది నేనే, గట్టు మీద నిలబడి ఆశ్చర్యంగా చూసేదీ నేనే! ఎన్నిసార్లు చూశానో ఆ కారుని. ఆఫీసు మీటింగుల్లో చూశా, బండి మీద పొలాలకి పోతూ చూశా, మా ఆవిడ షాహిదా కూరగాయల లిస్టు చెప్తుంటే చూశా. ఆ రోజు నేను బెండకాయలకి బదులు కాకరకాయలు తెచ్చింది అందుకే.

ఇక్కడ నా ఉద్యోగం సంగతి గుర్తుచేసుకోండి. ఊరూరా తిరిగి పత్తి, మిరప రైతులకి పురుగుల గురించి చెప్పడం నా పని. పన్నెండేళ్లుగా ఒకటే పాట. "మిరప చేలో నీలం రంగు జిగురు అట్టలు కట్టండి, తామర పురుగులు వచ్చి అంటుకుంటాయి. తెల్లదోమకి పసుపు అట్టలు కట్టండి. పొద్దుగూకాక పత్తి చేలో దీపపు ఎర పెట్టండి, రెక్కల పురుగులు దానికే వస్తాయి." రైతులు శ్రద్ధగా వింటారు, తలూపుతారు, టీ ఇస్తారు. అట్టలు మాత్రం కట్టరు.

మా మేనకోడలు రేష్మా నిశ్చితార్థం రోజు కూడా ఊరుకోలేదు నేను. పెళ్లికొడుకు తండ్రి కాశీం గారికి పర్చూరు పక్క పల్లెలో ఐదెకరాల మిరప ఉందని తెలిసింది. బిర్యానీ ప్లేటు చేత్తో పట్టుకునే మొదలెట్టా. ఆయన పెద్దగా నవ్వాడు. పందిరంతా వినపడేలా, "ఊరుకోండి సార్! పురుక్కి నీలమేంటి, పసుపేంటి? అదేమన్నా చీరలు కొనడానికొచ్చిందా?" అన్నాడు. అప్పట్నుంచి నన్ను సార్ అనే పిలుస్తాడు. మర్యాదకి కాదు, నవ్వడానికి.

ఇక మా అక్క. బావ పోయి నాలుగేళ్లయింది. కూతురి పెళ్లి అంతా ఒక్కతే నిలబడి చేస్తోంది. బావ ఉన్నప్పుడు, "మా రేష్మా మొగుణ్ణి తెల్ల కారులో తీసుకొస్తా, చూస్తూ ఉండండి" అనేవాడు. ఆ మాట అక్క మనసులో ఉండిపోయింది. నేను తెల్ల కారు కొన్నానని తెలిసిన రోజు కళ్లనీళ్లు పెట్టుకుంది. పెళ్లికూతురి మేనమామ కారులోనే పెళ్లికొడుకు వస్తాడని పెళ్లివారికి మాటిచ్చేసింది. నాకు మాత్రం విడిగా చెప్పింది.

"ఒరేయ్ మస్తానూ, నీ చేతులు ఊరుకోవు, నాకు తెలుసు. పెళ్లయ్యేదాకా ఆ కారుకి ఏమీ చెయ్యకు. తెల్లగా ఎట్లా ఉందో అట్లానే రావాలి."

"అట్లాగేలే అక్కా" అన్నా.

అన్నా గానీ, కల ఊరుకుంటుందా? ఫోన్లో చూస్తుంటే ఒక స్ప్రే కనపడింది. రబ్బరు రంగు! కారు మీద కొట్టుకోవచ్చు, మొహం మొత్తితే పట్టుకుని లాగెయ్యొచ్చు, అరటిపండు తొక్కలా ఊడొస్తుంది. కింద అసలు రంగు చెక్కుచెదరదు. చూశారా? అంటే తెలుపు ఎక్కడికీ పోదు, లోపల భద్రంగా ఉంటుంది. అక్కకిచ్చిన మాటా ఉంటుంది, నా కలా ఉంటుంది. పైగా నీలం కారులోంచి అల్లుడు దిగితే అక్కే మురిసిపోతుంది అనుకున్నా. ఎంత బాగా సర్దిచెప్పుకుంటామండీ మనకి మనం!

పెళ్లి ఆదివారం. శుక్రవారం సెలవు పెట్టి మా పెరట్లో మొదలుపెట్టా. అద్దాలకి పాత పేపర్లు అంటించి, స్ప్రే డబ్బాలు ఊపి ఊపి కొట్టా. ఒక పూత, రెండు పూతలు, నాలుగు పూతలు. సాయంత్రానికి కారు నీలమైపోయింది! వెనక లైట్లకి నల్ల ఫిల్మ్ అంటించా. హెడ్‌లైట్లకి కోపంగా చూస్తున్నట్టు రెప్పలు అంటించా. అవి వంకరగా పడి, కారు కోపంగా కాదు, నిద్ర చాలనట్టు చూస్తోంది. సరే, నా పోలికే వచ్చిందనుకున్నా. కారు అడుగున చుట్టూతా నీలం ఎల్ఈడీ స్ట్రిప్‌లు బిగించా. వాటితో వచ్చిన స్విచ్ ఎక్కడ పెట్టాలో అర్థం కాక వైరు తీసుకెళ్లి హెడ్‌లైట్ వైరుకే చుట్టేశా. హెడ్‌లైట్ వేస్తే అవీ వెలుగుతాయి, ఆపితే ఆగుతాయి. తేలికైపోయిందని మురిసిపోయా.

శనివారం తెల్లారుజామునే లేచి, మెరుపు కోసం పైన ఇంకో పూత కొట్టా. దట్టంగా మంచు. పెరట్లో జామచెట్టు కూడా కనపడట్లేదు. మంచులో కొడితే పూత ఆరదని డబ్బా మీద రాసే ఉంది. నేను చదివా కూడా. కానీ ఆ తెల్లటి మంచులో నీలంగా మెరుస్తున్న కారుని చూస్తూ ఎవడికి డబ్బా మీది అక్షరాలు గుర్తుంటాయి చెప్పండి?

మధ్యాహ్నం షాహిదా బోనెట్ మీద వేలు పెట్టింది. వేలు వచ్చింది గానీ, మెల్లగా వచ్చింది.

"ఏమండీ, ఇది బంకబంకగా ఉంది."

"దారిలో గాలికి ఆరిపోతుందిలే."

"మీ అక్కయ్యకి చెప్పారా?"

"చూసి సంతోషిస్తుందిలే."

ఆవిడ వేలు కొంగుకి తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది. ఆవిడ అట్లా పోట్లాడకుండా వెళ్తేనే నాకు భయం. అయినా బయల్దేరా. రాత్రికి పెళ్లివారింట్లో ఉండి, పొద్దున్నే పెళ్లికొడుకుతో తిరిగి రావాలి.

చిలకలూరిపేట దాటి పర్చూరు రోడ్డెక్కేసరికి ఐదైంది. పల్చటి ఎండ. రోడ్డు పక్కన మిరప చేలు, పూత మీద ఉన్నవి కొన్ని, పండి ఎర్రబడ్డవి కొన్ని. ఇంకా జిగురుగానే ఉంది కదా, కాసేపు గాలికి పెడదామని చేను గట్టు పక్కన ఆపి, సీటు వెనక్కి వాల్చా. ఎంత హాయిగా ఉందో! మిరపపూల మీంచి గాలి వస్తోంది. ఎక్కడో ట్రాక్టర్ చప్పుడు తేలుతూ వచ్చి వెళ్లిపోతోంది. కళ్లు మూసుకుంటే నా నీలం కారు మంచులో పోతోంది, పోతోంది...

లేచి చూస్తే బోనెట్ మీద ఆవాలు చల్లినట్టు నల్లటి చుక్కలు! దుమ్మనుకుని తుడవబోయా. వేలిముద్ర పడింది, చుక్క పోలేదు. జేబులో భూతద్దం ఉంటుంది కదా ఎప్పుడూ, అలవాటుగా తీసి వంగి చూశా.

తామర పురుగులు.

వందలు! ఇంకా వస్తున్నాయి. ఇక్కడ నా బుద్ధి చూడండి. అయ్యో కారు పాడైపోతోందే అనిపించాలి కదా? అనిపించలేదు! వంగుని లెక్కపెట్టడం మొదలెట్టా. జానెడు చోట్లో అరవై రెండు. "అబ్బ! ఏం పట్టింది!" అని పైకే అనేశా. తర్వాత గుర్తొచ్చింది, ఇది అట్ట కాదు, నా కారని. నీలం రంగు, పైన జిగురు, పక్కన మిరప చేను. పన్నెండేళ్లుగా నేను ఊరూరా చెప్తున్నది నా చేతుల్తో నేనే తయారుచేశాను, నాలుగు చక్రాలు కూడా పెట్టి!

కంగారుగా బయల్దేరా. అప్పటికే పొద్దుగూకింది. ఇక పత్తి చేలు మొదలయ్యాయి. మంచు దిగుతోంది. హెడ్‌లైట్ వేశా. అంతే, కారు కింద నుంచి నీలం వెలుగు రోడ్డంతా పరుచుకుంది. నిజం చెప్తున్నా, అచ్చం నా కలే! తెల్లటి పత్తి, తెల్లటి మంచు, మధ్యలో నీలంగా పారుతూ నేను. ఒక్కసారి గట్టు మీంచి చూసుకోవాలనిపించింది. ఆపి, దిగి, పది అడుగులు వెనక్కి నడిచి చూశా. ఒక్క నిమిషం, ఒకే ఒక్క నిమిషం, నేను ఈ లోకంలో లేను. దాని కోసమే ఇంత చేశానండీ. ఇప్పటికీ ఆ నిమిషానికి బాధపడట్లేదు.

రెండో నిమిషంలో రెక్కల పురుగులు వచ్చాయి.

పత్తి చేలోంచి ముందు ఒకటీ రెండూ, తర్వాత పదులూ, తర్వాత మబ్బులా! దీపపు ఎర కూడా నేనే అయిపోయా కదా. వెలుగు కోసం వచ్చి జిగురుకి అంటుకుంటున్నాయి. స్ట్రిప్‌లు ఆపుదామంటే హెడ్‌లైట్ ఆపాలి, హెడ్‌లైట్ ఆపితే మంచులో రోడ్డు కనపడదు. ఆ తెలివితక్కువ వైరు ఎవరు చుట్టారో తిట్టుకుందామంటే నేనే. అక్క మొహం కళ్లముందు కదిలింది. బావ మాట గుర్తొచ్చింది. తెల్ల కారు అని చెప్పుకున్న మనిషి కూతురి పెళ్లికి, పురుగులు రెక్కలు కొట్టుకుంటున్న కారు పంపిస్తున్నా. సిగ్గుతో ఏడుపొచ్చింది నాకు.

ఆ అవతారంతోనే పెళ్లివారింటి ముందు ఆగా. షామియానా కింద చుట్టాలందరూ లేచి నిలబడ్డారు. కాశీం గారు ముందుకొచ్చి కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. డోరు మీద వంగాడు. జేబులోంచి కళ్లజోడు తీసి పెట్టుకుని ఇంకా వంగాడు. నేను తల దించుకుని ఉన్నా. ఇక నవ్వుతాడు, ఈ నవ్వు నా మేనకోడలికి జీవితాంతం వినపడుతుంది అనుకున్నా.

ఆయన నవ్వలేదు.

"సార్, ఇవి తామర పురుగులేనా?" అన్నాడు మెల్లగా.

"అవునండీ."

"ఎక్కడ పట్టారు?"

"మీ ఊరి దారిలో, మిరప చేల పక్కనే."

"ఎంతసేపట్లో?"

"అరగంట..."

ఆయన కళ్లజోడు తీసి చుట్టాలవైపు తిరిగాడు. "ఒరేయ్, అందరూ ఇటు రండ్రా! ఆ రోజు సార్ చెప్తుంటే నేను నవ్వా. చూడండి, మనం నమ్మట్లేదని పెళ్లికొచ్చే కారుకే రంగేసుకుని తెచ్చి చూపించాడు మనిషి!"

ఏం చెప్పమంటారు? కాదనలేకపోయా. గొంతు సవరించుకుని, "రైతుకి కళ్లారా చూపిస్తేనే నమ్మకం కుదురుతుందండీ" అన్నా.

కానీ అక్క సంగతి చెప్పేశా ఆయనకి. బావ మాట, తెల్ల కారు, అన్నీ. ఆయన డోరు అంచుని గోటితో గీరి చూశాడు. "పొద్దున్నకి ఆరనివ్వండి. అందరం కలిసి ఊడదీద్దాం" అన్నాడు.

ఆదివారం పొద్దున్న ఎండెక్కగానే మొదలుపెట్టాం. కాశీం గారు, ఆయన తమ్ముళ్లు, చేతులకి గోరింటాకుతో పెళ్లికొడుకు కూడా! మూల పట్టుకుని లాగుతుంటే పురుగులతో సహా నీలం తొక్క పట్టలు పట్టలుగా వచ్చేస్తోంది, కింద నుంచి తెల్ల కారు బయటపడుతోంది. రెప్పలూ, లైట్ల మీది నల్ల ఫిల్మూ నేను పీకేశా. పల్చగా పడ్డ చోట పట్టుకుని లాగడానికి దొరకదు కదా, డిక్కీ మూల మాత్రం అరచేతంత నీలం మొండికేసి ఉండిపోయింది. ఊడిన పట్టల్ని నేను చెత్తలో వెయ్యబోతే కాశీం గారు చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగండి సార్, అవి నాకు పనికొస్తాయి."

మధ్యాహ్నం నమాజు వేళకి సత్తెనపల్లి చేరాం. పెళ్లికొడుకు దిగి లోపలికి వెళ్లాక అక్క కారు దగ్గరికి వచ్చింది. బోనెట్ మీద చెయ్యి పెట్టి అట్లా నిలబడింది. "మీ బావ ఉంటే ఎంత సంబరపడేవాడో రా" అంది. తర్వాత చుట్టూ తిరిగి డిక్కీ దగ్గర ఆగింది.

"ఈ నీలం ఏంట్రా?"

"దిష్టి చుక్క అక్కా!"

వెనకాల షాహిదా దగ్గినట్టు నవ్వింది. అక్క నమ్మింది. నమ్మినట్టు కనపడింది, అది చాలు నాకు.

నిన్న కాశీం గారి దగ్గర్నుంచి ఫోటో వచ్చింది. ఎర్రటి మిరప చేలో జిగురు పూసి కర్రలకి కట్టిన నా నీలం ముక్కలు, వెనకాల పల్చటి మంచు. ఎంతసేపు చూశానో! నా కలేనండీ అది, కారొక్కటే తక్కువ. చూస్తుండగానే ఫోన్ మోగింది.

"సార్, మీ నీలం బ్రహ్మాండంగా పట్టేస్తోంది. మా ఊళ్లో ఇంకో పదిమంది అడుగుతున్నారు. ఇప్పుడు తెల్లదోమ మొదలైంది. మీరు మళ్లీ కారుకి రంగు ఎప్పుడేస్తారు? ఈసారి పసుపు వెయ్యండి!"

పన్నెండేళ్ల ఉద్యోగంలో నేను మాట్లాడితే ఒక్కడూ అట్ట కట్టలేదు. నా కారు నోరు తెరవకుండానే ఊరంతటినీ ఒప్పించింది. ఇక నుంచి మీటింగులకి దాన్నే పంపిద్దామనుకుంటున్నా, నేను డ్రైవరుగా వెళ్తా.