వెలుగు ముందు, చప్పుడు తర్వాత

సారు పోయారని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు దేవుడి దగ్గర దీపం పెడుతున్నాను. వత్తి వెలిగించాకే ఏడ్చాను. మహబూబాబాద్ బడిలో మాకు సైన్సు చెప్పిన మనిషి, మా వీధి చివరి ఇంట్లోనే ఉండేవారు. పెద్ద వయసే. అయినా ఆయనతో ఒక మాట చెప్పాల్సి ఉండింది. చెప్పలేదు.

మా ఇంటికి టీవీ వచ్చిన కొత్తలో ఆదివారం పొద్దున అంతరిక్షం సీరియల్ ఒకటి వచ్చేది. సారు మా చాప మీద తమ్ముళ్ల పక్కన కూర్చుని చూసేవారు. చాయ్ చల్లారిపోయేది, తప్పులు పట్టడం మాత్రం ఆగేది కాదు.

"గాలే లేని కాడ గంత మోత ఎట్లొచ్చెరా?"

"ఓడ పేలింది గద సార్!"

"పేలితే పేలనీ. మోతను మోసెతందుకు గాలుండాలె గద."

కిందటి వారం చచ్చిన కెప్టెన్ ఈ వారం లేచి వస్తే, "దినాలు గూడ అయిపాయె, మళ్లెట్లొచ్చిండు?" అని నవ్వించేవారు.

ఒక్క తప్పుకు మాత్రం నవ్వేవారు కాదు. ఎక్కడో దూరపు కొండ మీద ఫిరంగి మెరిసేది, అదే క్షణంలో మోత వినిపించేది. సారు ముఖం మాడిపోయేది. "వెలుగు ముందొస్తది, సప్పుడు ఎన్క వస్తది. ఎన్నిసార్లు చెప్పాలె?"

ఒకరోజు చిన్న తమ్ముడు విసుక్కున్నాడు. "మీరుంటే కత మజా రాదు సార్."

పెద్దదాన్ని, వాణ్ణి మందలించాల్సింది. "పోనీయున్రి సార్, కతే గద," అన్నాను.

ఆయన లేచి గడప దగ్గర ఆగారు. "గసొంటి కతనే మా అమ్మ నమ్మింది బిడ్డా," అన్నారు. అప్పుడే చెప్పారు.

సాయుధ పోరాటం నాడు పెద్దవంగర దిక్కున వాళ్ల ఊళ్లో ఆయనకు పన్నెండేళ్లు. గుట్ట మీద కాపలా. పోలీసులు కనపడితే ఈల వేయాలి. వాళ్లు జొన్నచేనులో దాక్కున్నారు, కనపడలేదు. దూరంగా గట్టు మీద నడుస్తున్న ఆయన అన్న ఉన్నట్టుండి కూలిపోయాడు. ఆ తర్వాతే తుపాకి మోత గుట్టకు చేరింది. "మోత ఇన్నవ్ గద, ఒక్క కేకెయ్యకపోతివి," అని తల్లి చనిపోయేదాకా అంది. సైన్సు చదివి వచ్చి విడమరిచి చెబితే, "సదువుకొని సాకులు నేర్సినవ్," అంది.

ఆ తర్వాతి ఆదివారం సారు రాలేదు. నేనూ పిలవలేదు, తప్పయిందని చెప్పనూ లేదు. చిన్న తమ్ముడు లెక్కల్లో తప్పినప్పుడు మాత్రం, సారే పిలిపించుకుని ఎండాకాలమంతా చెప్పి గట్టెక్కించారు.

మొన్న పాడె ముందు ఒక నాయకుడు మైకు పట్టుకున్నాడు. "తుపాకి మోత ఇనంగనే అన్నా అని ఉరికిండు! ఒక్క క్షణం ముందు ఉరికితే అన్న బతుకుతుండె!" అందరూ జోహార్లు అన్నారు. తల్లి వేసిన నిందే, ఈసారి పూలదండలతో.

"అక్కా, గిది తప్పు," అన్నాడు చిన్న తమ్ముడు మెల్లగా. వాడికిప్పుడు తల నెరిసింది.

"చెప్పు మరి."

"గింతమందిల ఎట్ల చెప్పాలె?"

నేనూ లేవలేదు.

పాడె కదిలింది. ఆడవాళ్లం ఆయన ఇంటి ముందే ఆగిపోయాం. పత్తి చేల అవతల టపాకాయలు కాల్చారు. తెల్లగా మెరిసింది, పొగ లేచింది. మా వైపు ఇంకా ఏమీ వినపడలేదు. ఒకటి, అని మనసులో లెక్కపెట్టాను.

అప్పుడు వచ్చింది మోత.