పక్కవాద్యం మానేసిన ఏడాది

ఢిల్లీలో నేను పక్కవాద్యం వాయించిన చివరి సంవత్సరాల్లో ఎక్కువగా ఒకాయనకే వాయించాను. ఆయన కేంద్ర ప్రభుత్వంలో పెద్ద అధికారి. పగలంతా ఆఫీసు, సాయంత్రాలూ సెలవు రోజుల్లోనూ పాట కచేరీలు. మావారి బదిలీతో వసంత్ కుంజ్‌కి వచ్చిన కొత్తలో, విజయనగరంలో నేర్చుకున్న వయొలిన్‌ని నా చేత మళ్ళీ పెట్టెలోంచి తీయించింది ఆయనే. ఆ కృతజ్ఞత నాకుండేది. ఆయన పాట వెనకే నడవడం నా పని. ఆ పని బాగా చేస్తానని నలుగురిలో పేరు కూడా వచ్చింది.

అనుమానం ఒక కాసెట్‌తో మొదలైంది. కరోల్ బాగ్‌లో చేసిన కచేరీని ఎవరో రికార్డు చేసి నాకో కాపీ ఇచ్చారు. ఇంట్లో పెట్టుకుని వింటే ఆయన గొంతూ మృదంగమూ స్పష్టంగా ఉన్నాయి. నా వయొలిన్ మాత్రం పక్కింట్లో ఎవరో వాయిస్తున్నట్టుంది. రికార్డింగ్ లోపమేమో అనుకున్నాను. కానీ తర్వాతి కచేరీలో రాగం వాయించే వంతు నాకొచ్చినప్పుడు, ముందు వరసలో వాళ్ళు కూడా వినపడక ముందుకి వంగడం చూశాను. కచేరీ అయ్యాక మైకులు చూసుకునే అతన్ని అడిగితే, "సాబ్ నే జైసా బోలా, వైసా రఖా మేడమ్" అన్నాడు. సాబ్ చెప్పినట్టే పెట్టాడట. ఏ సాబ్ అని అడిగేలోపు అతన్ని ఎవరో పిలిచారు.

ఆ మాట నన్ను వదల్లేదు. సాబ్ అంటే సభ నడిపే పెద్దమనిషి కావచ్చు, ఆయనే కావచ్చు. అంతకుముందు ఒక పత్రికలో ఆయన పాట కంటే నా వాయిద్యాన్నే ఎక్కువ మెచ్చుకుంటూ రాశారు. "ఈసారి కచేరీ నీదేనటమ్మాయ్" అని ఆయన నవ్వారు. ఇప్పుడా నవ్వుని గుర్తు తెచ్చుకుని, అందులో ఏముందా అని వెతికేదాన్ని. వినపడాలన్న పంతంతో కమాను ఒత్తి వాయించడం మొదలుపెట్టాను. తీగలు గరగరలాడాయి. ఒకరోజు ఆయన వేదిక మీదే నా వైపు చూసి కళ్ళు మూసుకున్నారు. ఆ తర్వాత నాకు పిలుపులు తగ్గాయి. నా బదులు చెన్నై నుంచి ఒకాయన్ని రప్పిస్తున్నారని వేరేవాళ్ళ ద్వారా తెలిసింది.

ఆ వేసవిలోనే ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. కరీంనగర్ వాళ్ళట. "మా పాపకు వయొలిన్ నేర్పిస్తరా మేడమ్? మా ఆఫీసుల సార్ మీ అడ్రస్ ఇచ్చిండు" అంది. ఆ సార్ ఆయనే. మంచినీళ్ళు ఇచ్చానే గానీ నాకు ఒళ్ళు మండింది. వేదిక మీంచి దించి, ఇక పిల్లలకి పాఠాలు చెప్పుకోమని దారి చూపిస్తున్నారన్నమాట. కాదని చెప్పడానికి నోరు తెరిచేసరికి, ఆ పిల్ల నా వయొలిన్ ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉంది. ముట్టుకోవాలని ఉంది, ముట్టుకోవడం లేదు. శనివారాలు తీసుకురమ్మన్నాను.

పిల్లకి ఎనిమిదేళ్ళుంటాయి. నేను తెలుగులో చెబితే అర్థం చేసుకుని హిందీలో జవాబిచ్చేది. మఠం వేసుకుని కూర్చుంటే వయొలిన్ తల పాదం మీద ఆనక జారిపోయేది. సరళీ స్వరాలు, జంట స్వరాలు అయ్యాయి. చలికాలం వచ్చేసరికి మోహనలో గీతం మొదలుపెట్టాను. మూడో వారమో నాలుగో వారమో, పై షడ్జం నుంచి ధైవతానికి దిగేచోట ఆ పిల్ల వేలు తీగని వదలకుండా జారింది. జారుతూ మధ్యలో ఒక్క క్షణం ఆగి, వెనక్కి చూసినట్టుగా పైకి తాకి, అప్పుడు దిగింది. నా చేతిలో తాళం ఆగిపోయింది. అది నేను నేర్పింది కాదు. అది ఆయన జారు. ఢిల్లీలో ఆయన పాట విన్నవాళ్ళు ఎవరైనా గుర్తుపట్టగలిగేది.

ఎవరు నేర్పారని అడిగాను. ఎవరూ కాదంది. ఆయన వీళ్ళింటికి వెళ్ళి పాఠం చెబుతున్నారని, నేనెలా నేర్పుతున్నానో ఈ పిల్ల ద్వారా ఆరా తీస్తున్నారని నాకు నమ్మకం కుదిరిపోయింది. వాళ్ళమ్మనే నిలదీశాను. ఆవిడ మొహం చిన్నబోయింది. "సార్‌కు మా పాప మొహం గూడ తెల్వదు మేడమ్. నేను ఆయన దగ్గర చిన్న క్లర్క్‌ను. ఆయన మా ఇంటికెందుకొస్తడు?" అంది. ఆ జవాబు కూడా నేర్పి పంపిందేమోనని అనుకున్నాను.

తర్వాతి శనివారం పాఠం అయ్యాక మమ్మీ కింద ఉంటుందని చెప్పి పిల్ల వెళ్ళింది. ఎప్పుడూ అలాగే చెప్పేది. నేను తలుపేసుకుని, అలవాటుగా నా కోసం నేను మోహన వాయించుకున్నాను. మధ్యలో పాలు తేవాలని గుర్తొచ్చి తలుపు తీస్తే, పిల్ల మెట్ల మీద కూర్చుని ఉంది. ఎడమచేతి వేళ్ళు తీగలు నొక్కుతున్నట్టు కుడి ముంజేతి మీద కదులుతున్నాయి.

"ఇక్కడేం చేస్తున్నావ్?"

"మమ్మీ లేట్ ఆతీ హై" అంది. ఆఫీసు పని మీద వాళ్ళమ్మ శనివారాలు ఆలస్యంగా వస్తుంది. ఆ సంగతి చెబితే నేను పాఠం మాన్పిస్తానని పిల్లకి భయం. "ఆంటీ, బంద్ క్యోఁ కర్ దియా?" అని అడిగింది. ఎందుకు ఆపేశారని.

లోపలికి తీసుకొచ్చి, మోహన మళ్ళీ వాయించాను. ఈసారి నన్ను నేను వింటూ వాయించాను. పై షడ్జం దగ్గర నా వేలు దానంతటదే జారింది, ఆగింది, వెనక్కి చూసింది. ఆయన మీద అంత కోపం పెట్టుకుని, ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఆయన పాటే వాయిస్తున్నాను. ఇన్నేళ్ళలో నాదంటూ ఏమైనా మిగిలిందా అని మొదటిసారి నా మీద నాకే అనుమానం వచ్చింది. పిల్ల మాత్రం సంతోషంగా వింటోంది.

ఆ సాయంత్రం వాళ్ళమ్మకి క్షమాపణ చెప్పాను. ఎంత ఆలస్యమైనా పిల్ల ఇంట్లోనే ఉంటుందన్నాను. ఆవిడ మరో ఇద్దరు ఆఫీసువాళ్ళ పిల్లల్ని పంపింది. వాళ్ళ వెనక ఇంకొందరు వచ్చారు.

ఎండలు మొదలయ్యాక ఆయన ఫోన్ చేశారు. చెన్నై ఆయనకి వీలుకాలేదట, కచేరీకి వాయించాలి. ఇన్నాళ్ళూ అడగలేనిది అప్పుడు అడిగాను.

"నా మైకు తగ్గించమన్నది మీరేనా సార్?"

"శనివారం ఒకసారి కూర్చుందామా అమ్మాయ్?" అన్నారు.

శనివారాలు పిల్లలొస్తారని చెప్పాను. ఆయన బలవంతపెట్టలేదు. తగ్గించమన్నారో లేదో నాకు ఈరోజుకీ తెలియదు. ఆ తర్వాత నేను వేదిక ఎక్కలేదు. ఒక్కోసారి కచేరీకి వెళితే, పాట కంటే ముందు మైకులు ఎక్కడ పెట్టారో చూస్తాను. ఆ జబ్బు పోలేదు.

ఆ పిల్లకి మోహనలో ఆ మలుపు మాన్పించలేదు, మెచ్చుకోనూ లేదు. అక్కణ్ణుంచి నీ ఇష్టం వచ్చినట్టు దిగమన్నాను. చాలా వారాలు తప్పుగా దిగింది. నేను పక్కన కూర్చుని, నా కమాను ఒళ్ళో పెట్టుకుని విన్నాను.