పాతింట్లో కూర్చోమన్నారు

మా బావ, అంటే మా ఆయనకు అన్న, చిన్న మంగళారం ఊళ్లో, అప్పటిదాకా మేమంతా ఉన్న పాతింటి పక్కనే కొత్త ఇల్లు కట్టి గృహప్రవేశం పెట్టుకున్నాడు. అప్పటికి మా పాపకు ఇంకా మాటలు సరిగ్గా రాలేదు. బావ రాజకీయాల్లో తిరిగే మనిషి. పొలం అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు, పార్టీవాళ్లు అందరూ భోజనాలకు వస్తున్నారు.

ఆ వారమంతా బావ కొడుకు, అంటే మా యారాలి కొడుకు, ముక్కు కారుతూనే తిరిగాడు. పాపంటే వాడికి ప్రాణం. తను కొరికిన లడ్డూ ముక్క దాని నోట్లో పెట్టేవాడు. పడిశమే కదా అని ఎవరూ పట్టించుకోలేదు.

పూజ రోజు పొద్దున పాప గొంతు బొంగురుపోయింది, ఒళ్లు వెచ్చబడింది. కాసేపటికి దగ్గు మొదలైంది. అచ్చం కుక్కపిల్ల మొరిగినట్టు ఉంది. షామియానా కింద కూర్చున్నవాళ్లు తలలు తిప్పి చూశారు. ఒకామె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మనవడిని దగ్గరకు లాక్కుంది.

అత్తమ్మ నా పక్కకు వచ్చి గొంతు తగ్గించి అంది. "కోరింత దగ్గు లెక్కున్నది. అందరికి అంటుతది. పిల్లను తీస్కొని పాతింట్ల కూసో పో."

"జ్వరం గూడ ఉన్నది అత్తమ్మా. దవాఖానకు పోవాలె."

"బువ్వలయినంక పోదురు తియ్యి. గంతల ఏం గాదు."

పాతింట్లో ఎరువు బస్తాల పక్కన దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అది ఏడ్చినప్పుడల్లా ఊపిరి లోపలికి తీస్తూ కీచుమని శబ్దం చేసేది. గొంతు కింద గుంట లోపలికి పీక్కుపోతోంది. దాన్ని ఎత్తుకుని మళ్లీ పందిట్లోకి పరుగెత్తాను. మా ఆయన విస్తళ్ల దగ్గర ఉన్నాడు. నేను చెప్పింది విని అన్న వైపు చూశాడు.

"కార్లన్ని చుట్టాల కోసం పోయినయ్," అన్నాడు బావ. "ఇప్పుడు నువ్వు పోతే వచ్చినోళ్లను ఎవరు చూసుకోవాలెరా?"

బావ సొంత కారు పూలదండతో గేటు ముందే ఉంది. అందరికీ కనిపిస్తూనే ఉంది.

"జర ఆగు, చూస్త," అన్నాడు మా ఆయన.

నేను ఆగలేదు. రోడ్డు మీదికి నడిచి ఆటో పట్టుకుని చేవెళ్లలో పిల్లల డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాను.

ఆమె పాప నోరు తెరిపించలేదు. "ఒళ్లోనే ఉంచుకో అమ్మా, ఏడ్వనియ్యకు. ఏడిస్తే ఊపిరి ఇంకింత కష్టమయితది," అంది. సిరప్ తాగించి, ముక్కు దగ్గర ఆవిరి మందు పెట్టింది. మెల్లగా ఆ కీచు తగ్గాక చెప్పింది.

"దీన్ని క్రూప్ అంటరు. కోరింత దగ్గు గాదు. వైరస్ వచ్చి గొంతు కింద గాలి పోయే తొవ్వ వాస్తది. చిన్నపిల్లలకు ఆ తొవ్వ సన్నగుంటది, గందుకే దగ్గితే మొరిగినట్టు వస్తది. గదే వైరస్ పెద్దపిల్లలకు వస్తే ఉత్త జలుబు లెక్క పోతది."

"అంటుకుంటదా మేడం?"

"వైరస్ అంటుకుంటది. దగ్గినా, తుమ్మినా, చేతుల నుంచైనా. అట్లని ప్రతి దగ్గూ అంటుకోదు. ఆస్తమా దగ్గు, దుమ్ముకొచ్చే దగ్గు ఎవ్వరికీ అంటుకోవు. మీ ఇంట్ల ముందుగాల ఎవరికన్న జలుబైందా?"

"అయ్యింది," అన్నాను. "అయితే గదే దీనికి అంటుకున్నట్టున్నది," అంది.

సాయంత్రం దాకా అక్కడే ఉంచి చూశారు. ఇంటి దగ్గర షామియానా విప్పే వేళకు మా ఆయన వచ్చి పక్కన కూర్చున్నాడు. పాప తల మీద చెయ్యి వేశాడు.

మేం తిరిగి వచ్చేసరికి నా బట్టల సంచి, పాప గ్లాసు, మా ఇద్దరి పళ్లేలు పాతింటి అరుగు మీద పెట్టి ఉన్నాయి. యారాలు కొత్తింటి గడపలో నిలబడింది.

"ఏమనుకోకు చెల్లె. మా పిల్లలున్నరు గద."

"మీ పిల్లగాని పడిశమే దీనికి అంటుకున్నది అక్కా. డాక్టరమ్మ చెప్పింది."

అత్తమ్మ లోపలి నుంచే అందుకుంది. "వాడు ఎప్పుడన్న గట్ల మొరిగిండా? నీ బిడ్డకు బలం లేకపోతే మగపిల్లగాని మీద పెడ్తవా?"

డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాను. తొవ్వ సన్నగా ఉంటుందని వేలు చూపించి మరీ చెప్పాను. యారాలు మా ఆయన వైపు చూసింది. ఆయన చెప్పులు విప్పుకుంటూ, "ఇప్పుడు గవన్ని ఎందుకు," అన్నాడు. ఆ మాట నాతో అన్నాడు, వాళ్లతో కాదు.

పాప తొందరగానే కోలుకుంది. ఆ తర్వాత యారాలి చిన్నకూతురికి తుమ్ములు వస్తే నేనే అంటించానని చుట్టాలకు ఫోన్లు చేసి చెప్పుకున్నారు. మేం మొయినాబాద్‌లో ఇల్లు కిరాయికి తీసుకుని వచ్చేశాం. పండగలకు వెళ్తాం. పిల్లలు కలిసి ఆడుకుంటారు, నేను వద్దనను. అత్తమ్మ అన్నం పెడితే తింటాను. కానీ ఇంతవరకు ఆ ఇంట్లో ఒక్క పూట కూడా పడుకోలేదు.

"ఇంకా గదే పట్టుకున్నవా?" అని మొన్న మా ఆయన అడిగాడు.

"అవును," అన్నాను.