వెనక సీట్లో మనిషి బరువు

మా బావను అందరూ మిల్లీమీటర్ అంటారు. షోకు కోసం ఎత్తు తగ్గించి కిందికి దించిన కార్లకు చక్రాలు అమర్చడం ఆయన పని. చక్రం వెనక పెట్టే అల్యూమినియం బిళ్ళను స్పేసర్ అంటారు. అది ఎంత మందమైతే చక్రం అంత బయటికి వస్తుంది. చూడ్డానికి చక్రం తన పైనుండే రేకు అంచుదాకా రావాలి, కారు కుంగితే మాత్రం టైరు ఆ అంచుకు తగలకూడదు. మిగతా షెడ్డుల వాళ్ళు చక్రం ఎంత లోపలికి కూర్చుంటుందో చెప్పే ఆఫ్‌సెట్ అంకె చూసి బిళ్ళ తేల్చేసేవారు. బావ ఖాళీ కారును నమ్మేవాడు కాదు. "మనిషి కూర్చున్నాకే కొలత," అనేవాడు. నాకు ఒళ్ళు మండేది. బిళ్ళలు మార్చి మార్చి చేతులు పడిపోయేది నాకే కదా.

ఆ కూర్చునే మనిషి మా అక్క. మధ్యాహ్నం మా ఇద్దరికీ క్యారియర్ తెచ్చి, కొలత పూర్తయ్యేదాకా వెనక సీట్లో కునుకు తీసేది. "పేరుకే పెళ్ళాన్ని. ఈయనకు నేను తూకం రాయిని," అని వచ్చినవాళ్ళతో నవ్వుతూ అనేది.

ఒక ఏడాది, అమర్చిన కార్లు తిరిగి రావడం మొదలైంది. మొదట ఒక ఫోటోగ్రాఫర్ వచ్చాడు.

"మా అమ్మ వెనక కూర్చుంటే టైరు రాసుకుంటోందన్నా."

బావకు తల కొట్టేసినట్టయింది. స్ప్రింగులు నాసిరకమన్నాడు, నా బిగింపు బాగాలేదన్నాడు. నేనూ ఊరుకోలేదు. రెండు రోజులు మా మధ్య మాటల్లేవు.

కొన్ని నెలలకు మూడో కారు కూడా తిరిగొచ్చాక, బావ తన సొంత కారునే షెడ్డులోకి తెచ్చి అక్కను కూర్చోమన్నాడు. మామూలుగా అక్క వెనక కూర్చుంటే ఆ టైరుకూ అంచుకూ మధ్య ఆయన చిటికెన వేలు దూరదు. ఆ రోజు సులువుగా దూరింది. టైర్లలో గాలి చూశాడు, స్ప్రింగులు చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి.

"సరిగ్గా కూర్చో," అన్నాడు.

"కూర్చునే ఉన్నానండీ."

బావ తలుపు తీసి ఆమె వంక చూశాడు. నేనూ చూశాను. వేలి ఉంగరం జారిపోకుండా దానికి దారం చుట్టుకుని ఉంది.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఆకలి ఉండట్లేదు, అంతే. మీరసలే చికాకులో ఉన్నారని చెప్పలేదు."

కడుపులో గడ్డ బాగా ముదిరిందని, ఆరు నెలల ముందు తెచ్చి ఉంటే ఏదైనా చేసేవాళ్ళమని డాక్టరమ్మ చెప్పింది. తేలికైపోతున్న అక్క బరువుతో కొలిచిన ఫోటోగ్రాఫర్ కారు తిరిగొచ్చి అప్పటికి ఆరు నెలలు.

"మిల్లీమీటర్ తేడా పడితే పట్టేస్తావు. పదిహేను కిలోలు తగ్గితే కనపడలేదా బావా?" అని ఆసుపత్రి వరండాలోనే అడిగేశాను. రోజూ ఆమె చేతి అన్నం తిన్న నాకూ కనపడలేదు. ఆ మాట ఆయన తిరిగి నన్ను అనలేదు. అనుంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

అక్క నాలుగు నెలల్లో పోయింది.

ఇప్పుడు ఆ సీట్లో నేను కూర్చుంటున్నాను. బావ ఒక తూకం మిషన్ కొని షెడ్డు గుమ్మంలో పెట్టాడు. కారు ఎవరిదైనా ముందు నన్ను దాని మీద ఎక్కించి, అంకె గోడ మీద సుద్దతో రాస్తాడు. మొన్న జ్వరమొచ్చి రెండు కిలోలు తగ్గాను. కారు తెచ్చినవాణ్ణి రేపు రమ్మని పంపేసి, షెడ్డు మూసి, నన్ను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. మామూలు జ్వరమేనని ఆవిడ చెప్పినా, ఇంటికొచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు.