నాలుగు పొట్టి గొట్టాలు

నాకు మదనపల్లెలో కార్ల ఇంజన్లు బాగుచేసే షెడ్డు ఉంది. నాతోపాటు ఒకే మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్న భాయ్‌కి పుంగనూరులో వెల్డింగ్ షాపు ఉంది. వాడు నాకంటే రెండేళ్లు ఆలస్యంగా చేరాడు. అయినా మేస్త్రీ కష్టమైన పనంతా వాడికే అప్పగించేవాడు. ఆ కడుపుమంట నాకు ఇప్పటికీ ఆరలేదు. దాచుకోవడం దేనికి, వాడి షాపు ముందు నాలుగు బండ్లు కనబడితే ఆ పూట నాకు అన్నం సహించదు.

పోయిన ఏడాది కుప్పం నుంచి గ్రానైట్ వ్యాపారం చేసే ఒకాయన పాత పెట్రోలు కారు తెచ్చాడు. దానికి సూపర్‌చార్జర్ వేయించాడు. గాలిని బలవంతంగా ఇంజన్‌లోకి నెట్టే యంత్రం అది. ఆ గాలిని నాలుగు సిలిండర్లకూ చేర్చే గొట్టాలు, ఇన్‌టేక్ రన్నర్లంటారు, కొత్తగా చేయాలి. పొడుగువైతే మెల్లగా పోయేటప్పుడు బలం, పొట్టివైతే స్పీడులో బలం. ఏవి చేయాలన్నది నేనే తేల్చాలి.

"నీతో కాకుంటే సెప్పప్పా, పుంగనూరు భాయ్ కాడికి పోతా," అన్నాడాయన.

నాకు ఒళ్లు మండింది. "వాడు లారీ సైలెన్సర్లు అతికించుకుంటాండాడు. ఇది వాడితో అయ్యే పని కాదు," అన్నాను. పచ్చి అబద్ధం.

ఈ బండి సంగతి ఎవరు చేరవేశారో, సాయంత్రం భాయే ఫోన్ చేశాడు. "పొట్టివి పెట్టురా. సూపర్‌చార్జర్ ఉంటే తక్కువ స్పీడు నుంచే బలం వస్తాది. పొడుగు గొట్టాలతో ఏం పని? నాలుగూ ఒకే కొలత ఉండాల, అంతే."

అడగకుండానే చెప్పాడు చూడండి, అక్కడ కాలింది నాకు. వాడు పొట్టివి అన్నాడు కాబట్టి నేను పొడుగువి చేశాను. ఇంకే కారణమూ లేదు. ఘాట్ రోడ్డు లాగాలంటే పొడుగువే మేలని మేస్త్రీ అనేవాడులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఆయన చేతికి సూపర్‌చార్జర్ ఉన్న కారే ఎన్నడూ రాలేదని నాకు తెలియక కాదు.

రోడ్డెక్కిస్తే బండి మొదట బాగానే లాగింది. స్పీడు అందుకోవలసిన చోట ఊపిరాడనట్టు మొరాయించింది.

"ఆదివారం దాకా సూస్తా. కాకుంటే పుంగనూరుకు తోలుకుపోతా," అన్నాడు కుప్పం ఆయన.

బండి అక్కడికి పోతే ఈ చుట్టుపక్కల నా పేరు పోయినట్టే. మరుసటి రోజు పొద్దున్నే, ఇంజన్‌కు గొట్టాలను బిగించే పలకను సంచిలో వేసుకుని, సిగ్గు చంపుకుని పుంగనూరు బస్సెక్కాను.

భాయ్ ఒక్క ప్రశ్న వేయలేదు. టీ తెప్పించాడు, పలక కొలతలు చూశాడు, పైపు కోశాడు. మధ్యాహ్నానికి నాలుగు పొట్టి గొట్టాలు తయారు. ఎక్కడైనా తప్పు దొరుకుతుందేమోనని అతుకులన్నీ వేలితో తడిమాను. దొరకలేదు.

మా మేస్త్రీ దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఎవరి చేతిపని మీద వాళ్లు, కనబడని వైపు, మొన ఉన్న ఇనుప పంచ్‌తో చుక్కలు కొట్టాలి. నావి రెండు, వాడివి మూడు. ఇద్దరమూ ఇప్పటికీ మానలేదు. వాడు గొట్టాలతోపాటు పంచ్‌నూ సుత్తినీ నా ముందుకు జరిపాడు.

"నీ సుక్కలు కొట్టుకో. బండి వచ్చిండేది నీ కాడికి కదా," అన్నాడు.

ఏడిపిస్తున్నాడేమోనని మొహంలోకి చూశాను. అదేమీ లేదు. పనితనం చూసి ఇన్నాళ్లూ కుళ్లుకున్నాను. ఇప్పుడు, ఆ పని పేరును అంత సులువుగా నాకిచ్చేయగలిగాడే అని కుళ్లుకున్నాను. నీ మూడు చుక్కలే కొట్టుకో అని వాడికి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

నాలుగింటి మీదా రెండేసి చుక్కలు కొట్టాను.