ఎర్ర దారం కట్టిన సీసా

ఉధనాలో ఉన్న నా నూనెల దుకాణం ముందు నెలకోసారి ఒక పాత జపాన్ కారు వచ్చి ఆగుతుంది. వరాఛాలో వజ్రాల కార్ఖానా నడిపే ఒకాయనది. దాని ఇంజన్‌లో పిస్టన్లు ఉండవు, మూడు మూలల ఇనుప దిమ్మెలు గిరగిరా తిరుగుతుంటాయి, వాటి అంచులు అరిగిపోకుండా పెట్రోల్లోనే కాస్త నూనె కలిపి పోయాలి. మండిపోయాక బూడిద మిగల్చని నూనె ఎంచడం, లీటరుకి ఏడు మిల్లీలీటర్లు కొలవడం, డబ్బాలో ముందు నూనె పోసి, సగం పెట్రోల్ పోసి, బాగా ఊపి, తర్వాత మిగతా సగం పోయడం, అన్నీ నేనే చేస్తాను, పనివాళ్లను ముట్టనివ్వను. ఊపిన డబ్బా మూత తీయగానే తియ్యటి ఘాటు వాసన ఒకటి గుప్పున వస్తుంది. ఆ వాసన తగిలితే ఇప్పటికీ నా ఎడమ చెంప చురుక్కుమంటుంది.

నేను నాలుగో తరగతిలో ఉండగా మా బాపు మగ్గాలు వదిలేసి ఒక పాత ఆటో కొన్నాడు. పొట్టకూటికి పరాయి రాష్ట్రం వచ్చిన మా బతుకంతా అప్పటిదాకా మగ్గాల చప్పుడులోనే. ఇంట్లో ఉప్పు అడగాలన్నా బాపు అరిచినట్టే అడిగేవాడు, మేము నూలు చుట్టే ఖాళీ కండెలు పేర్చి కోటలు కట్టుకునేవాళ్లం, వానాకాలమంతా గోడల చెమ్మా, తడి నూలు వాసనా, చలికాలం రాగానే బండిమీద కాల్చిన లేత జొన్నగింజల పోంక్‌లో కారప్పూస లాంటి సేవ్ కలిపి కాగితపు పొట్లంలో పెట్టిస్తే ఒక్కో గింజా లెక్కపెట్టుకుని తినేవాళ్లం. ఆటో వచ్చాక ఇంట్లో తడి నూలు వాసన పోయి పెట్రోల్ వాసన వచ్చింది. అమ్మ ముక్కు మూసుకునేది కానీ, నాకైతే అది అత్తరే.

ఆ ఆటోకి కూడా పెట్రోల్లో నూనె కలపాల్సిందే. పంపు దగ్గర కలిపేవాళ్ల మీద బాపుకి నమ్మకం లేదు, ఆ పని నాకు అప్పగించాడు. దగ్గు మందు సీసా మూత నా కొలత, లీటరుకి రెండు మూతలు. నీలం రంగు నూనె అంచుదాకా పోసి, కన్ను దగ్గర పెట్టి చూసి, చుక్క ఎక్కువైతే వెనక్కి ఒంపేదాన్ని. డబ్బాను పొట్టకు హత్తుకుని వంద దాకా లెక్కపెడుతూ ఊపేదాన్ని. బాపు పక్కింటివాళ్లతో, "మా బిడ్డ కొలిస్తే తేడా రాదు" అనేవాడు. నా చిన్నతనంలో నేను సంపాదించుకున్న మాట అదొక్కటే.

ఆ ఏడు దసరాకి సాయన్న మామ వచ్చాడు. మా అత్త భర్త, బాపు పనిచేసిన మగ్గాల షెడ్డులో మాస్టర్. జమ్మి ఆకు చేతిలో పెట్టి, అమ్మ చేసిన సర్వపిండి రెండు తిని, సంచీలోంచి గోధుమరంగు సీసా తీశాడు. దాని మెడకు ఎర్ర దారం కట్టి ఉంది. తన నూనె సీసాలన్నిటికీ ఆయన అట్లా దారం కట్టుకునేవాడు, ఇంకెవరూ ముట్టకుండా.

"అసలు మాల్ బామ్మర్దీ, హజీరా కంపెనీకెల్లి తెప్పిచ్చిన. నీ ఆటోల పోసుకో."

మర్నాడు పొద్దున మూతలో పోస్తే నూనెకు నీలం లేదు, పల్చటి పసుపు ఉంది. "గిదేంది బాపూ, రంగు లేదు?" అన్నాను.

"మాస్టర్ ఇచ్చిన నూనెను అడుగరు బిడ్డా" అన్నాడు.

షెడ్డులో పద్ధతి అది. మగ్గానికి నూనె వేసేది మాస్టర్, నేసేవాడు నూనె డబ్బా ముట్టడు, అదేం నూనె అని అడగడు. ఇరవై ఏళ్లు నేసిన మనిషి సొంత ఆటోకి యజమాని అయ్యాక కూడా అడగలేదు. నేను ఎప్పటిలాగే లీటరుకి రెండు మూతలు కొలిచి కలిపాను.

కోసాడ్ వైపు పోతూ తాపీ నది వంతెన మీద ఆటో కీచుమని ఒక్క కుదుపుతో ఆగిపోయిందట. లోపల పిస్టన్ పట్టేసి, గీరుకుపోయి, ఇంజన్ మొత్తం పాడైంది. తాడు కట్టి లాక్కొచ్చేసరికి సాయన్న మామ మా వాకిట్లోనే ఉన్నాడు. "నూనె తక్కువైతెనే గిట్లయితది. పోరి ఆటల వడి పోయలేదు" అన్నాడు. బాపు వాడకట్టంతా చూస్తుండగా నా చెంప మీద కొట్టాడు. నేను కొలిచానని చెప్పాను, పొగ వేరే వాసన వచ్చిందని చెప్పాను. ఎవరూ వినలేదు. ఆటో తుక్కుకు పోయింది, బాపు అదే షెడ్డులో అదే మాస్టర్ కింద మళ్లీ మగ్గాల ముందు నిలబడ్డాడు.

సీసాలో మిగిలిన నూనెను అమ్మ కుట్టుమిషన్‌కి వేసుకుంది. ఇంజన్‌ను చంపిన నూనెతో కుట్టుమిషన్ జలజలా పాడింది. అప్పుడే నాకు అనుమానం తగిలింది, కానీ అది ఏం నూనో తేల్చి చెప్పే తెలివి లేదు. అడుగున కాస్త నూనె ఉండగానే సీసాను పాత చీరలో చుట్టి దాచాను. నూనెల గురించి దొరికిందల్లా నేర్చుకున్నాను. ఈ వ్యాపారంలోకి ఎందుకొచ్చావని అడిగేవాళ్లకు ఏదో ఒకటి చెబుతాను గానీ, నిజం ఇది. కసి.

పోనీ ఆయనైనా మరిచిపోనిచ్చాడా? ఏటా దసరాకి వచ్చి, తిని, పదిమందిలో ఆ కథ ఎత్తేవాడు. నా పెళ్లిచూపుల్లోనూ ఎత్తాడు. పోయిన దసరాకీ పళ్లెం ముందు కూర్చుని, "గీ పిల్లనే ఆటోను ముంచింది" అని నవ్వాడు. అందరూ నవ్వారు. నేను లోపలికి వెళ్లి సాసర్లో నాలుగు చుక్కలు పోసి తెచ్చాను.

"మామా, నలభై ఏండ్లు నూనెలతోని గడిపినవ్ గదా. గిది ఏం నూనెనో జర చెప్పు. నాకు సమజైత లేదు."

ఆయనకు తన ముక్కు మీద మహా గర్వం. వాసన చూసి, వేళ్ల మధ్య రుద్ది, "గిదేం పరీక్షనే, మగ్గాలకేసే స్పిండిల్ నూనె. చిన్న పోరడైనా చెప్తడు" అన్నాడు.

అప్పుడు కొంగు చాటునుంచి సీసా తీసి పళ్లెం పక్కన పెట్టాను. ఎర్ర దారం వెలిసిపోయింది గానీ ముడి ఆయనదే. బాపు వంగి, దారాన్ని వేలితో తడిమాడు.

"నువ్వు ఆటో కొనుక్కొని పోతె ఎనిమిది మగ్గాలు బంద్ పడ్డయి. సేఠ్ నా పానం తీసిండు" అన్నాడు మామ, నేల చూస్తూ. "పాత ముచ్చట గిప్పుడెందుకు?"

బాపు దారం వదిలి, "బిడ్డ కొలత కరెక్టే" అన్నాడు. అరిచినట్టు కాదు, నాకొక్కదానికే వినపడేట్టు. నన్ను కొట్టింది మాత్రం వాడకట్టంతా చూస్తుండగా. అందుకే ఆ మాటతో నా కడుపుమంట చల్లారలేదు.

ఊళ్లో నీలం పొగ ఆటోలు ఇప్పుడు ఒక్కటీ లేవు, అన్నీ గ్యాస్‌తో నడుస్తున్నాయి. వంద దాకా లెక్కపెట్టి ఊపే పిల్లలూ లేరు. ఆ వాసన నాకు మిగిలింది వజ్రాలాయన కారులోనే. సీసాను మాత్రం దుకాణం కౌంటర్ మీద పెట్టాను, కింద చీటీ మీద "సాయన్న మాస్టర్ ఇచ్చిన నూనె" అని పెద్ద అక్షరాలతో రాసి. మా షెడ్డులవాళ్లు వస్తారు, చదువుతారు, అడుగుతారు. అడిగినవాళ్లందరికీ చెబుతాను.

ఈ దసరాకి ఆయన రాలేదు. అమ్మ అలవాటు కొద్దీ ఆయన కోసం రెండు సర్వపిండి తీసి పెట్టింది. ఆ రెండూ నేనే తిన్నాను.