తిరిగి చెప్పాకే కదిలే మనిషి

మంగళవారం పొద్దున డబ్లిన్ శివారు బ్లాంచర్డ్స్‌టౌన్‌లో బస్సెక్కబోతుంటే కార్క్ నుంచి అక్క ఫోన్. "నాన్న పోయారే. నిద్రలోనే." ఆ బస్సు వదిలేశాను. తర్వాతదీ వదిలేశాను.

సొంతక్క కాదు; కార్క్‌లో చదువుకునేటప్పుడు వాళ్ళింట్లో ఓ గది అద్దెకి తీసుకున్నాను. ఆవిడ నాన్నగారు నాకు అంకుల్. విశాఖలో జలాంతర్గామి ఇంజిన్ గదిలో పనిచేసి రిటైరైన మనిషి. అక్క "పాలైపోయాయి నాన్నా" అంటే, "పాలు తేవాలి" అని తిరిగి చెప్పేవారు. అక్క "సరే" అనేదాకా గుమ్మం దాటేవారు కాదు. ఇంజిన్ల చప్పుడులో ఒకడు ఒక ఆర్డరు తప్పు విన్నా అందరి ప్రాణాలూ పోతాయట, అందుకే ఆ అలవాటట. మొదట్లో నాకు నవ్వొచ్చేది.

నా థీసిస్ తొలినాటి జలాంతర్గాముల మీద. ఐర్లండ్‌లోనే క్లేర్ తీరంలో పుట్టిన ఓ బడిపంతులు అమెరికా వెళ్ళి తయారుచేసిన పడవ గురించి. నౌకాదళాలు ముందు ఎగతాళి చేశాయి, తర్వాత అవే కొనుక్కున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం నాటికి కొండంత యుద్ధనౌకలు కూడా రేవు దాటడానికి జంకాయి. ఇదంతా రాశాను. అంతకుముందువాళ్ళ పడవలు నీటికింద అదుపు తప్పుతుంటే ఈయనది ఎలా నిలకడగా నడిచిందో మాత్రం రాయలేక, రెండు నెలలు అక్కడే ఆగిపోయాను.

ఆ సంగతి చెబితే అంకుల్ ఖాళీ పాల సీసాలో సగం నీళ్ళు పోసి, అడ్డంగా పట్టుకుని కొంచెం వంచారు. నీళ్ళన్నీ ఒక్కసారి ముందుకి దూకాయి. ఈసారి నిండా నింపి వంచారు. లోపల ఏ కదలికా లేదు.

"చూశావేటి? పడవ మునగడానికి ట్యాంకులో నింపే నీళ్ళకి పరిగెత్తే చోటుండకూడదు. ఆ పంతులికి తెలిసిందిదే. నువ్వేమో అన్నీ సగం సగం నింపుతావు!"

నిజమే. అప్పటికే ఒక కోర్సు మధ్యలో వదిలేసి వచ్చినదాన్ని. ఆ వారమే ఆయన బంగాళాదుంపల చెక్కు తీస్తుంటే వెళ్ళి చెప్పాను. "అంకుల్, థీసిస్ మానేస్తున్నాను."

"థీసిస్ మానేస్తున్నావు," అన్నారు, నా మొహంలోకి చూస్తూ. ఆయన గొంతులో విన్నాక ఆ మాట నాది కాదనిపించింది.

"సరే అనమ్మా. నువ్వు అంటేనే ఖాయం."

అనలేకపోయాను. ఆయన చెక్కు తీసే కత్తి పట్టుకుని అలాగే నిలబడ్డారు. నేను మేడమీదికెళ్ళి లాప్‌టాప్ తెరిచాను.

థీసిస్ పూర్తయి అచ్చు కాపీ ఇచ్చినప్పుడు స్కేలు పెట్టుకుని వరస వరసా చదివారు. "రెండుచోట్ల వాల్వ్ తప్పు రాసీసినావు," అన్నారు. ఆ పేజీలకి మడత పెట్టి, పుస్తకాన్ని మాత్రం తన దిండు పక్కనే ఉంచుకున్నారు.

అంత్యక్రియలయ్యాక ఇంటినిండా జనం. అక్క ఫ్రిజ్ తెరిచి, నావైపు తిరిగి, "టీకి పాల్లేవే," అంది.

"పాలు తేవాలి," అన్నాను.

అక్క చెయ్యి ఫ్రిజ్ తలుపు మీదే ఉండిపోయింది. తర్వాత తలుపు మూసి, "సరే," అంది.

గుమ్మం దగ్గర అంకుల్ బూట్లు గోడవైపు తిరిగి ఉన్నాయి. వాటి పక్కనే కూర్చుని నా లేసులు కట్టుకున్నాను.